నిదానమే ప్రధానం

మాది నర్సీపట్నం. మన్యానికి గుమ్మం వంటి ఊరు. ఇక్కడినుంచి చింతపల్లి రోడ్డు పట్టి ఘాటీ ఎక్కితే లంబసింగి వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పల్లెలో శీతకాలం తెల్లవారుజామున కురిసే మంచు చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో కార్లు కట్టుకొని వస్తారు. గుమ్మంలో కాపురమున్న మాకు మాత్రం తీరిక చిక్కదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

ఆ సంవత్సరం డిసెంబరులో మా అత్తగారు భీమవరంనుంచి వచ్చారు. వచ్చిన రెండోనాడే, "బాబూ, మీ ఊరి దగ్గర ఆంధ్రా కాశ్మీరం ఉందటగా! ఈ వయస్సులో అసలు కాశ్మీరం ఎలాగూ వెళ్ళలేను. దీన్నయినా చూపించండి" అన్నారు. అత్తగారు నోరు తెరిచి ఒక కోరిక కోరితే కాదనే అల్లుడెవడు? ఆదివారంనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరాలని నిశ్చయమైంది. పిల్లలు స్వెట్టర్లు వెదుక్కొన్నారు. మా ఆవిడ పులిహోరకు చింతపండు నానవేయటం గురించి ఆలోచన మొదలుపెట్టింది.

ఇంతలో గురువారం సాయంత్రం పరీక్ష పేపర్ల పనిమీద అనకాపల్లి వెళ్ళి తిరిగివస్తున్నాను. తాళ్ళపాలెం దగ్గర హైవే వదలి మా ఊరి రోడ్డెక్కేసరికి చీకటి పడింది. హెడ్ లైట్లు వేశాను. వేశానో లేదో, నా ఎదుట డాష్ బోర్డుమీద మీటర్ల దీపాలు గాలిలో పెట్టిన ప్రమిదల్లా రెపరెపలాడటం మొదలుపెట్టాయి. రోడ్డుమీద చిన్న గొయ్యి వస్తే చాలు, ఒక్క క్షణం ఆరి మళ్ళీ వెలుగుతున్నాయి. వేగం చూపే ముల్లు కనపడదు, పెట్రోలు ముల్లు కనపడదు. చేతిలో స్టీరింగూ, నోట్లో ఆంజనేయ దండకమూ పెట్టుకొని ఎలాగో ఇల్లు చేరాను.

సమ మార్గంలోనే ఇట్లా ఉంటే, మంచులో, చీకట్లో, ఒక ప్రక్క లోయ ఉన్న ఘాటీ మలుపులో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే? కారులో నేనొక్కణ్ణే ఉండను. మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, డెబ్బయ్యోపడిలో ఉన్న మా అత్తగారూ ఉంటారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మొదటి వైద్యుడు

మరునాడు ఉదయమే కారును ఒక దుకాణానికి తీసికొని వెళ్ళాను. దుకాణం పేరెందుకు లెండి. అక్కడి కుర్రవాడు బానెట్ ఎత్తి, ఒక్కసారి లోపలికి తొంగిచూచి, దించేశాడు. "ఆల్టర్నేటర్ పోయింది సార్. దానితోపాటు బ్యాటరీ కూడా మార్చేయండి. ఇరవై వేలకు కాస్త అటూ ఇటూ అవుతుంది" అన్నాడు. నేను చేతిలోకి తీసికొన్న టీ ఇంకా చల్లారనయినా లేదు.

ఇరవై వేలంటే మాటలా! అయినా ప్రాణాలకంటె డబ్బు ఎక్కువా అనుకొని సరేననబోతూ, ఎందుకయినా మంచిదని ఇంటికి ఫోను చేశాను.

"ఏమండీ, మొన్న నాకు తలనొప్పి వస్తే డాక్టరుగారు ఏం చేశారు? ఎప్పటినుంచి అన్నారు, నిద్ర పడుతోందా అన్నారు, కళ్ళు చూశారు, బి.పి. చూశారు. తరువాతగదా మందు రాశారు! ఈ అబ్బాయి మీటరయినా పెట్టి చూశాడా?" అన్నది మా ఆవిడ.

చూడలేదు. ఆ సంగతి నాకు తోచనే లేదు. కారు తిప్పుకొని వచ్చేశాను.

రెండో వైద్యుడు

మా ఎదురింటి ఆటో అబ్బాయి చెప్పగా, చింతపల్లి రోడ్డులో వేపచెట్టు క్రింద రేకుల షెడ్డు పెట్టుకొన్న ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. ఏజెన్సీ జీపులూ, అంబాసిడర్ టాక్సీలూ తిరిగే కాలంనుంచి కార్లలో కరెంటు పని తప్ప మరొకటి ముట్టనివాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. ముక్కాలిపీట నావైపు జరిపి, "కూకోండి మాస్టారూ. ఏటయిందో సెప్పండి" అన్నాడు.

"డాష్ బోర్డు దీపాలు కొట్టుకొంటున్నాయి."

"ఏ దీపాలండి? ఎలుగిచ్చేవా, కబురు సెప్పేవా?"

ఈ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆయన విడమరచి చెప్పాడు. డాష్ బోర్డుమీద రెండు జాతుల దీపాలుంటాయి. మీటర్ల వెనుక ఉండి అంకెలు కనపడేటట్లు చేసేవి ఒక జాతి. ఎర్రగా బ్యాటరీ బొమ్మ, నూనె డబ్బా బొమ్మ వంటివి రెండో జాతి. ఇవి ఇంజను పంపే కబుర్లు. మొదటి జాతివి మినుకుమంటే తీగలలో దోషమని చాలావరకు అనుకోవచ్చు. రెండో జాతివి మినుకుమంటే దీపాన్ని అనుమానించకూడదు, అది చెప్పే కబురును వినాలి. ముఖ్యంగా నూనె బొమ్మ ఎర్రదీపం, బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు మినుకుమన్నదంటే ఇంజనులో ఆయిలు ఒత్తిడి తగ్గిందన్నమాట కావచ్చు. వెంటనే రోడ్డు ప్రక్కన ఆపి, ఇంజను కట్టేసి, ఆయిలు కొలపుల్ల తీసి చూడాలి. ఆయిలు సరిగానే ఉన్నా దీపం పోకపోతే బండిని తాడుకట్టి లాగించుకొని వెళ్ళవలసిందేగాని నడిపించకూడదు. అశ్రద్ధ చేస్తే ఇంజనే పట్టేస్తుంది.

"నావి వెలుగిచ్చేవే" అన్నాను.

"అవొక్కటేనా, హెడ్ లైట్లు కూడా కొట్టుకొంటన్నాయా?"

"హెడ్ లైట్లు కూడా కొద్దిగా మందగించి మళ్ళీ పెరుగుతున్నాయి."

"ఇంజను ఏగం మారితేనా, గొయ్యిలో పడితేనా?"

"గొయ్యిలో పడితే."

"స్టార్టింగు?"

"ఒక్క తాళానికే అందుకొంటుంది."

మేస్త్రీ తల ఊపాడు. రోగం సగం తెలిసిపోయిందన్నాడు. ఎట్లాగో ఆయన చెప్పగా నేను గ్రహించినది ఇది.

మీటర్ల దీపాలు మాత్రమే కొట్టుకొంటూ తక్కినవన్నీ నిలకడగా ఉంటే దోషం డాష్ బోర్డులోనే ఉన్నట్లు. మీటర్ల వెలుగును తగ్గించే, హెచ్చించే చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. పాత కార్లలో దాని లోపలి తీగమీద దుమ్ము పేరుకొంటే దీపాలు రెపరెపలాడతాయి. ఆ చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు పదిసార్లు త్రిప్పితేనే కొన్నిసార్లు నయమైపోతుంది. లేదా ఫ్యూజు తన గూటిలో వదులై ఉండవచ్చు. బల్బు పట్టు సడలి ఉండవచ్చు.

అన్ని దీపాలూ ఇంజను వేగాన్నిబట్టి ఎగుడుదిగుడుగా వెలిగితే అనుమానం ఆల్టర్నేటర్ వైపు. దాన్ని త్రిప్పే బెల్టు సాగిపోయి ఉండవచ్చు, లోపలి బ్రష్షులు అరిగి ఉండవచ్చు, కరెంటును అదుపులో పెట్టే రెగ్యులేటర్ చెడి ఉండవచ్చు.

అన్ని దీపాలూ, గొయ్యి వచ్చినప్పుడల్లా కొట్టుకొంటే ఎక్కడో ఒక ముడి వదులైనట్లు. అన్నిటికీ ఒకేసారి వస్తున్నది గనుక, ఆ ముడి అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఉండాలి.

కారు ఒళ్ళే రెండో తీగ

మన ఇళ్ళలో దీపానికి రెండు తీగలుంటాయి. ఒక తీగలో కరెంటు వస్తుంది, రెండోదానిలో తిరిగిపోతుంది. కారులో చాలా దీపాలకు బ్యాటరీ దాకా వెళ్ళే తీగ ఒక్కటే. తిరిగిపోయే కరెంటు కారు ఇనుప ఒంట్లోంచే బ్యాటరీకి చేరుతుంది. బ్యాటరీ నెగటివ్ కొననుంచి ఒక తీగ కారు బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. దానినే ఎర్త్ వైరంటారు. దీపాలు, హారను, వైపర్లు, ఫ్యాను, వీటన్నిటి కరెంటూ ఇంటికి చేరే దారి ముఖ్యంగా అదే.

మా ప్రాంతపు రైతులకు తాండవ కాలువ తెలుసు. పై తూములో చెత్త అడ్డుపడితే క్రింద ఉన్న ప్రతి మడికీ నీరు తగ్గుతుంది. ఎవరి గట్టు వారు త్రవ్వి చూచుకొన్నా ప్రయోజనం ఉండదు. ఎర్త్ బోల్టు తుప్పుపడితే కారులో దీపాల పాట్లు సరిగా అటువంటివే. ఇక స్టార్టింగు ఎందుకు బాగున్నదంటే, మా కారులో బ్యాటరీనుంచి ఇంజనుకు వేరే లావు తీగ ఉన్నది. అది క్షేమంగా ఉన్నది.

ఇన్ని చెప్పిన తరువాతగాని మేస్త్రీ మీటరు తీయలేదు. ఊహ వేరు, రుజువు వేరుగదా!

మొదట ఇంజను కట్టి ఉండగా బ్యాటరీ రెండు కొనలమీదా మీటరు తీగలు ఆనించాడు. 12.5 వోల్టులు. మన కార్ల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపాలి. 12.2కు దిగితే సుమారు సగం ఖాళీ అయినట్లు. మాది బాగానే ఉన్నది.

తరువాత ఇంజను నడిపించి చూచాడు. 14.2. సాధారణంగా 13.8కీ 14.5కీ నడుమ ఉంటే ఆల్టర్నేటర్ సక్రమంగా పనిచేస్తున్నట్లు. 13కు దిగువన ఉంటే బ్యాటరీకి తిండి చాలటం లేదు. 15 దాటితే తిండి ఎక్కువై బ్యాటరీ ఉడికిపోతున్నది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఈ వోల్టులను అవసరాన్నిబట్టి తగ్గించి హెచ్చిస్తుంది గనుక అక్కడ ఒక్క అంకెను పట్టుకొని తీర్పు చెప్పరాదు.

మీటరును ఏ.సి. వైపు త్రిప్పి ఇంకొకసారి చూచాడు. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది అటూ ఇటూ ఊగే కరెంటు. దాన్ని డయోడ్లనే చిన్న తలుపులు ఒకే వైపుకు నడిపిస్తాయి. ఒక తలుపు చెడితే ఆ ఊపు బయటికి వచ్చి దీపాలను వణికిస్తుంది. ఇంజను నడుస్తుండగా ఈ పరీక్షలో అర వోల్టు దాటితే డయోడును అనుమానించాలి. మాకు అందులో పదోవంతు కూడా లేదు.

అప్పటికి, ఉదయం మరణశిక్ష పడిన బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ నిర్దోషులుగా విడుదలయ్యాయి.

చివరి పరీక్షకు హెడ్ లైట్లూ, లోపలి ఫ్యానూ వేయమన్నాడు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీదా, రెండో కొనను రంగు లేనిచోట కారు బాడీ ఇనుముమీదా పెట్టాడు. రెండూ ఒకటే అయితే మీటరు సున్నా దగ్గరే ఉండాలి. 0.2 వోల్టు దాటకూడదు. మాది 0.9 చూపింది. మేస్త్రీ బానెట్ అంచును గట్టిగా తట్టాడు. అంకె గంతులు వేసింది.

"ఇదిగో మీ దొంగ" అన్నాడు.

బ్యాటరీ తట్ట క్రింద ఎర్త్ బోల్టు కనపడింది. చుట్టూ తుప్పు, దానిమీద తెల్లని పొడి. ఏడాది క్రితం బ్యాటరీ మార్చినప్పుడు ఎవరో దాన్ని సరిగా బిగించలేదు. వానాకాలం తడి, మా దారుల ఎర్రదుమ్ము, ఘాటీ కుదుపులు తక్కిన పని పూర్తి చేశాయి.

వైద్యానికి అరగంట పట్టింది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాడు. ఎప్పుడైనా ముందు విప్పవలసినదీ, చివర బిగించవలసినదీ నెగటివే. పాజిటివ్ ముందు విప్పబోతే, పానా పొరపాటున కారు ఇనుముకు తగిలి నిప్పులు కురుస్తాయి. బ్యాటరీనుంచి వెలువడే హైడ్రోజన్ వాయువుకు నిప్పు అంటుకొంటే చాలా ప్రమాదం. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి తెల్లపొడిని కడిగాడు. తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది ఇనుము మెరిసేటట్లు చేశాడు. కొత్త వాషరు వేసి బిగించి, పైన వాజిలీను రాశాడు. మళ్ళీ మీటరు పెడితే 0.04. బానెట్ తట్టినా అంకె కదలలేదు.

"ఎంతయింది?" అన్నాను.

"రెండొందలివ్వండి."

నాటి కార్లు, నేటి కార్లు

టీ తెప్పించుకొని త్రాగుతూ ఆయన పాత రోజులు చెప్పాడు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1958నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లలో మొదటివాటికి ఆల్టర్నేటర్ లేదు, డైనమో ఉండేది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో తగినంత కరెంటు ఇవ్వలేదు. బండి కూడలిలో నిలబడగానే ఎర్రదీపం మినుకుమనేది, కదలగానే ఆరిపోయేది. ఆ రోజుల్లో అది జబ్బు కాదు, స్వభావం. సిలికాన్ డయోడ్లు చవకగా దొరికిన తరువాత అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లో వేలియంట్ కారుకు ఆల్టర్నేటర్ అమర్చింది. క్రమంగా ప్రపంచమంతా ఆ దారి పట్టింది. కనుక ఈనాటి కారులో ఎర్ర బ్యాటరీ దీపం మినుకుమంటే, "మా నాన్నగారి కారులో కూడా ఇట్లాగే ఉండేది" అని ఊరుకోకూడదు.

ఇంకొక తేడా కూడా ఉన్నది. పాత బల్బులో తీగ కాలి వెలుగిస్తుంది. కరెంటు రెప్పపాటు తగ్గినా ఆ వేడి వెంటనే చల్లారదు గనుక చిన్న వణుకులు కనపడవు. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాలకు ఆ మొగమాటం లేదు. కరెంటు తగ్గిన క్షణంలోనే చెప్పేస్తాయి.

ఇక ఇంటివద్ద మనం స్వయంగా చూడదగినవి కొన్ని ఉన్నాయి. ఇంజను కట్టి, చల్లారనిచ్చి, బ్యాటరీ కొనల బిగుతు చేతితో కదిపి చూడండి. తెల్లపొడి ఉన్నదేమో చూడండి. బెల్టు చిట్లిందేమో చూడండి. స్టార్టు చేసినప్పుడు కీచుమంటే అది వదులైందని అనుమానించండి. వినాయకుని వాహనం మన వాహనంలో కాపురం పెట్టి తీగలు కొరికిందేమో కూడా చూడండి. వానాకాలంలో ఎలుకలకు బానెట్ క్రింది వెచ్చదనం అంటే మహా ఇష్టం. బల్బులో, ఫ్యూజులో మార్చిన తరువాతనే రోగం మొదలైతే ముందు ఆ మార్పునే అనుమానించండి.

చేయకూడనివి మూడు. ఫ్యూజు పోతే అంతకంటె పెద్ద ఫ్యూజుగాని, రాగి తీగగాని పెట్టకండి. కాలిపోయేది ఆపైన ఫ్యూజు కాదు, కారు. ఆల్టర్నేటర్ పనిచేస్తున్నదా లేదా చూద్దామని, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పకండి. పూర్వం డైనమో బండ్లకు కొందరు అట్లా చేసేవారు. ఇప్పుడు చేస్తే వోల్టులు ఒక్కసారిగా ఎగసి కారులోని కంప్యూటర్లు చెడిపోతాయి. మూడోది, ఎర్ర బ్యాటరీ దీపం వెలిగిన బండితో రాత్రివేళ ఘాటీ ఎక్కకండి. ఆల్టర్నేటర్ ఆగిందంటే బ్యాటరీలో మిగిలినదే మీ వెలుగు. అది ఎంతసేపు వస్తుందో చెప్పలేము. చాలా బండ్లలో ఆ బెల్టే నీళ్ళ పంపును కూడా త్రిప్పుతుంది. బెల్టు తెగితే దీపాలతోపాటు ఇంజను కూడా వేడెక్కి మొరాయిస్తుంది.

ఆదివారం

మేం అనుకొన్నట్లే ఆదివారం నాలుగు గంటలకు బయలుదేరాము. ఘాటీలో సగం దూరం ఎక్కేసరికి మంచు ముసురుకొన్నది. పది గజాల ముందు ఏమున్నదో తెలియలేదు. పిల్లల కబుర్లు ఆగిపోయాయి. రెండో గేరులో మెల్లగా, మలుపు మలుపుకూ హారను కొడుతూ వెళుతున్నాను. ఒక మలుపులో చక్రం గొయ్యిలో దభాలున పడింది. నా గుండె ఝల్లుమన్నది. కళ్ళు మీటర్లవైపు పోయాయి. దీపాలు చలించలేదు.

వెనుకనుంచి మా అత్తగారు, "ఆ మీటర్ల దీపాలు గుళ్ళో అఖండంలా ఎంత నిలకడగా ఉన్నాయి బాబూ!" అన్నారు. మా ఆవిడ నావైపు చూచి నవ్వింది. అత్తగారికి జరిగిన కథ మేం చెప్పనేలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. "నిదానమే ప్రధానం" అనే సామెతను ఎన్నిసార్లు పిల్లలకు చెప్పానో లెక్కలేదు. తొందరపడవద్దని దానికి అర్థం చెప్పేవాణ్ణి. ఆయుర్వేదంలో నిదానమంటే రోగకారణం కనిపెట్టటమని, మాధవకరుని గ్రంథానికి మాధవ నిదానమని పేరు అందుకే వచ్చిందని కూడా ఎరుగుదును. ఆ రెండు అర్థాలూ ఒక్కచోట కూర్చొని పనిచేయగా చూచింది మాత్రం వేపచెట్టు క్రిందనే.

తిరుగుదారిలో మేస్త్రీ షెడ్డు దగ్గర ఆగి, పులిహోర పొట్లం ఇచ్చాను. ఉండబట్టలేక అడిగాను. "మేస్త్రీ, ఆల్టర్నేటర్ మార్చాలని నువ్వు కూడా అంటే నేను మార్పించేవాణ్ణే. నీకు నాలుగు డబ్బులు మిగిలేవిగదా!"

"మిగిలేవండి. మరి ఆ బోల్టో? అది అలాగే ఉండేది. మీరు కొత్త ఆల్టర్నేటర్ ఏసేనన్న ధైర్నంతో పిల్లల్ని కొండెక్కించేసేవారు" అన్నాడు ఆయన, పొట్లం విప్పుకొంటూ.